మొదటిసారి సొంతంగా పీసీ అసెంబుల్ చేస్తున్నా: ఏ తప్పుకు పార్టులు పోతాయి?

దేవరకొండ_కుర్రాడు

అందరికీ నమస్తే. మాది దేవరకొండ, డిగ్రీ సెకండియర్. వీడియో ఎడిటింగ్ కోసం మొదటిసారి సొంతంగా పీసీ అసెంబుల్ చేసుకోబోతున్నా. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి పార్టులన్నీ కొనుక్కొచ్చా: రైజెన్ 5 7600 సీపీయూ, బీ650 మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్5 ర్యామ్‌లు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చే) ఎస్‌ఎంపీఎస్ అంటే పవర్ సప్లై, సైడుకు గాజు ఉన్న క్యాబినెట్. పాత పీసీలోని హార్డ్‌డిస్క్ కూడా ఇందులోనే పెడతా. దాంట్లో అక్క పెళ్లి ఫొటోలున్నాయి.

వీడియోలు బాగానే చూశా. ఏది ఎక్కడ పెట్టాలో అన్నిటిలోనూ చెప్పారు. నా ప్రశ్న వేరే. బూట్ కాకపోతే విప్పి మళ్లీ పెట్టుకుంటా, పర్లేదు. పార్టు పోతే మాత్రం మళ్లీ కొనలేను. ఏ తప్పు చేస్తే పార్టు ఇక పనికిరాకుండా పోతుంది? ఎక్కడ చెయ్యి ఆపి ఒకసారి చూసుకోవాలి? చేసినవాళ్లు చెప్పండి.

నల్లగొండ_సర్వీస్‌బెంచ్

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. నల్లగొండలో నా దగ్గరికి "కొత్త పీసీ, బూట్ కావట్లేదు" అని తెచ్చేవాటిలో చాలావరకు చిన్న సంగతులే. ర్యామ్ పూర్తిగా కూర్చోదు, లేదంటే సీపీయూ పవర్ వైరు పెట్టడం మర్చిపోయి ఉంటారు. అక్కడికక్కడే సరిచేసి ఇచ్చేస్తా. చూడగానే మనసు కలుక్కుమనేది సాకెట్‌లో పిన్నులు వంగిన బోర్డు. సీల్ తీసిన రోజే పోయి ఉంటుంది.

నీ బోర్డు సాకెట్ ఏఎం5 రకం. అంటే పిన్నులు సీపీయూకి ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, మొత్తం 1718. ఇంటెల్ 12, 13, 14 తరాలవాటికి 1700. పాత ఏఎం4లో మాత్రం పిన్నులు సీపీయూ కిందే ఉండేవి, 1331. సాకెట్‌లోవి నిజానికి స్ప్రింగుల్లాగా వంగి ఉండే సన్నటి రేకులు. వేలు తగిలినా, చొక్కా చేతి అంచు రాసుకున్నా, సీపీయూ మూల జారి పడినా పక్కకు పడుకుంటాయి.

పద్ధతి ఇది. లీవర్ ఎత్తు, ఫ్రేమ్ తెరువు. ఫ్రేమ్‌కున్న నల్లటి ప్లాస్టిక్ మూతను ముందే పీకకు, ఉండనివ్వు. సీపీయూని అంచులు పట్టుకుని, దాని మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మూలనున్న గుర్తుతో కలిపి, నిట్టనిలువుగా దించి వదిలెయ్. నొక్కొద్దు, జరపొద్దు. దాని బరువుకే అది కూర్చోవాలి. కూర్చుందా లేదా అని వేలితో ఊపి చూసేవాళ్లున్నారు, అదే అసలు ముప్పు. తర్వాత ఫ్రేమ్ వేసి లీవర్ దించు. ఇక్కడ మాత్రం బలం కావాలి. కిర్రుమని శబ్దం వస్తుంది, నల్లటి మూత దానంతటదే ఊడి పైకి లేస్తుంది. ఆ శబ్దానికి భయపడి మధ్యలో ఆపొద్దు, అది మామూలే. మూత పారెయ్యకు. వారంటీకి బోర్డు పంపాలంటే సాకెట్ మీద ఆ మూత ఉండాలి. పిన్ను వంగిందంటే ఫిజికల్ డ్యామేజ్ అని రాసి వెనక్కి పంపేస్తారు.

సీపీయూ పెట్టే ముందు ఒక పని చెయ్. ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేసి సాకెట్‌ని చూడు. పిన్నులన్నీ వరుసగా ఒకేలా మెరుస్తాయి. ఒకటి వంగి ఉంటే ఆ చోట మెరుపు తెగిపోతుంది, లేదా చుక్క పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడే జూమ్ చేసి ఫొటో తీసి పెట్టుకో. నిజానికి ఇది షాపులో కౌంటర్ మీదే చూసుకోవాల్సింది.

దేవరకొండ_కుర్రాడు

థాంక్స్ అన్నా. షాపులో బోర్డు బాక్స్ తెరవలేదు. ఇప్పుడే టార్చ్ వేసి చూశా, వరుసలన్నీ సమానంగానే మెరుస్తున్నాయి. ఫొటో కూడా తీశా. ఒకవేళ ఒక పిన్ను వంగితే పీసీ అసలు ఆన్ కాదా?

నల్లగొండ_సర్వీస్‌బెంచ్

ఏ పిన్ను అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని గ్రౌండ్ పిన్నులు, ఒకటి పోయినా తెలియకపోవచ్చు. ర్యామ్‌కి వెళ్లే పిన్ను అయితే రెండు ర్యామ్‌లలో ఒకటే కనిపిస్తుంది. జనం ర్యామ్ పాడైందనుకుని మార్చుకుంటూ పోతారు. పవర్ పిన్ను పక్కదానికి తగిలితే మాత్రం సీపీయూ, బోర్డు రెండూ పోవచ్చు. ఏఎం4 సీపీయూ పిన్ను వంగితే ములుకు తీసిన క్లచ్ పెన్సిల్ మొనతో మెల్లగా లేపేవాళ్లం. సాకెట్ పిన్నులతో ఆ ప్రయోగం చేయకు, మైక్రోస్కోప్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు.

పాలమూరు_వైరింగ్

అన్న సాకెట్ గురించి బాగా చెప్పారు. నేను మహబూబ్‌నగర్‌లో ఇళ్ల వైరింగ్ చేస్తుంటా, కాబట్టి గోడలోని ప్లగ్ గురించి చెబుతా. అసెంబ్లింగ్ ఎంత జాగ్రత్తగా చేసినా ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే లాభం లేదు. మన దగ్గర పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ పైన పెద్ద రంధ్రానికి వెనక వైరే ఉండదు. ఉన్నా ఎర్త్ గుంతలో తేమ ఉండదు. ఎర్రనేల, ఏప్రిల్ వచ్చిందంటే పూర్తిగా ఎండిపోతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది అంటారు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ పాడైందనుకుని మార్చేస్తారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కోసం ఫేజ్ నుంచి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. పోర్టులకు అలా కాదు. పీసీ ఆన్‌లో ఉండగా టీవీకి హెచ్‌డీఎంఐ గుచ్చారనుకోండి, ఆ టీవీకి డిష్ కేబుల్ ద్వారా ఎర్త్ తగిలి ఉందనుకోండి, ఆ తేడా అంతా హెచ్‌డీఎంఐ పిన్నుల గుండానే పోతుంది. గ్రాఫిక్స్ కార్డు పోర్టు పోవచ్చు, టీవీ పోర్టు పోవచ్చు.

టెస్టర్ పెట్టి లైటు వెలగలేదు కాబట్టి ఎర్త్ బాగుంది అనుకోవద్దు. వైరు లేకపోయినా వెలగదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడమనండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎంత వెలుగిస్తుందో అంతే వెలగాలి. మసకగా వెలిగితే ఎర్త్ బలహీనంగా ఉన్నట్టు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో అది ట్రిప్ అవుతుంది, అదీ మంచిదే. ఇది మీరే చేయకండి తమ్ముడూ, తెలిసినవాళ్లతోనే చేయించండి.

మూడో కాలు కోసేసిన ప్లగ్, రెండు పిన్నుల అడాప్టర్ పీసీకి అస్సలు వాడొద్దు. పాత ఎస్‌ఎంపీఎస్ ఎవరైనా ఇస్తే వెనక ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. అది 115 దగ్గర ఉండి మన 230కి పెట్టారంటే పెద్ద చప్పుడుతో పోతుంది.

దేవరకొండ_కుర్రాడు

అన్నా, మా పాత పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే అచ్చం అలాగే జివ్వుమనేది! అందరిళ్లలో అంతే అనుకున్నాం. రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం.

ఇంకో డౌట్. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన సాటా పవర్ కేబుల్ పొట్టిగా ఉంది, హార్డ్‌డిస్క్ దాకా అందట్లేదు. బాబాయి వాళ్ల పాత మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు ఇంట్లో ఉన్నాయి. ఒకటి పెట్టి చూశా, ఎస్‌ఎంపీఎస్ వైపు సరిగ్గా పట్టింది. ఇంకా పవర్ ఇవ్వలేదు. వాడొచ్చా?

నల్లగొండ_సర్వీస్‌బెంచ్

వద్దు. ముందు ఆ కేబుల్ తీసెయ్.

వనపర్తి_ల్యాబ్

నేను పాలిటెక్నిక్‌లో హార్డ్‌వేర్ ల్యాబ్ చూస్తుంటాను. ఆ బాబు పవర్ ఇవ్వకముందే అడిగాడు, చాలా సంతోషం.

పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. కేబుల్‌కి డ్రైవ్ వైపున్న కొన ప్రమాణం ప్రకారం ఉంటుంది, ఏ కంపెనీదైనా ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపున్న కొనకు అలాంటి ప్రమాణం లేదు. ఆకారం ఒకటే ఉండొచ్చు, లోపల ఏ రంధ్రంలో 12 వోల్టులు, దేంట్లో 5, దేంట్లో గ్రౌండ్ అన్నది కంపెనీ ఇష్టం. ఒకే కంపెనీలో మోడల్ మారినా మారిపోవచ్చు. పట్టింది కదా అని పెడితే హార్డ్‌డిస్క్ 5 వోల్టుల దారిలోకి 12 వోల్టులు వెళ్లొచ్చు. అలా వెళ్తే స్విచ్ వేసిన క్షణంలోనే డిస్క్ బోర్డు కాలుతుంది. ఆ కేబుల్‌కి ఇంకేవైనా డ్రైవ్‌లు తగిలించి ఉంటే అవీ పోతాయి.

చాలా హార్డ్‌డిస్కుల్లో పవర్ వచ్చే చోట రక్షణకు ఒక డయోడ్ ఉంటుంది. ఒక్కోసారి అది తాను షార్ట్ అయి మిగతా బోర్డును కాపాడుతుంది. దాన్నే నమ్ముకుని ఫొటోలు పణంగా పెట్టకూడదు కదా. ఇంకో చోట కాపీ చేసుకునేదాకా ఆ డిస్క్‌ని కొత్త పీసీకి తగిలించకు బాబూ. కేబుల్ పొడుగు చాలకపోతే డిస్క్ వైపు పెట్టుకునే సాటా ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, అది తీసుకో. పాత కేబుళ్లను పాత ఎస్‌ఎంపీఎస్‌తోనే కట్టకట్టి మూట వేసి పెట్టు, కలవనివ్వకు.

ఇదే కుటుంబానికి చెందిన తప్పు ఇంకొకటి ఉంది. సీపీయూకి వెళ్లే 8 పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. సీపీయూది నాలుగు, నాలుగుగా విడిపోతుంది. గ్రాఫిక్స్‌ది ఆరు, రెండుగా విడిపోతుంది. ఒకదాంట్లో 12 వోల్టులున్న వరుసలో రెండోదానికి గ్రౌండ్ ఉంటుంది. రంధ్రాల ఆకారాలు వేరుగా పెట్టింది అందుకే. బలవంతంగా తోస్తే మాత్రం దూరిపోతుంది. కొన మీద సీపీయూ అనో పీసీఐఈ అనో రాసి ఉంటుంది, చదివి పెట్టు.

దేవరకొండ_కుర్రాడు

తీసేశా మేడం. డిస్క్‌ని పాత పీసీలోనే ఉంచా. ఫొటోలు మొదట పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నా.

జడ్చర్ల_గేమర్

బ్రో, ఎవరో ఒకరు స్టాటిక్ (ఒంటి మీద చేరే కరెంటు) గురించి కూడా చెబుతారు, దానికి ఎక్కువ టెన్షన్ పడకు. ఫ్రెండ్స్‌వి చాలా పీసీలు మంచం మీదే అసెంబుల్ చేశా, చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ గిట్టీ ఏం కట్టుకోలేదు, ఒక్కటీ పోలేదు. కంపెనీలవాళ్లు పట్టీలు అమ్ముకోవడానికి చెప్పే మాటలు ఇవి.

వనపర్తి_ల్యాబ్

దీనితో నేను ఏకీభవించను. స్టాటిక్ తగిలిందని మన చేతికి తెలియాలంటే దాదాపు 3000 వోల్టులు ఉండాలి. చిప్పులు అంతకన్నా చాలా తక్కువకే దెబ్బతింటాయి, మనకు తెలియను కూడా తెలియదు. పైగా వెంటనే చావకపోవచ్చు. కొన్నాళ్లకు ఊరికే హ్యాంగ్ అవుతుంటే అప్పుడు ఎవరూ దీన్ని అనుమానించరు. ఇప్పుడున్న పార్టుల్లో రక్షణ బాగా పెరిగిన మాట నిజమే. కానీ మన వేసవిలో గాలి పొడిగా ఉంటుంది, పొడిగాలిలోనే స్టాటిక్ ఎక్కువగా పుడుతుంది. పాలిస్టర్ దుప్పటి పరిచిన మంచం అన్నిటికన్నా చెడ్డ చోటు.

చెక్క టేబుల్ మీద పెట్టుకుని, నూలు బట్టలు వేసుకుని, పార్టు తీసే ప్రతిసారీ క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుము ముట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ప్లగ్ పెట్టి స్విచ్ ఆపి ఎస్‌ఎంపీఎస్ బాడీ ముట్టుకోమని వీడియోల్లో చెబుతారు. పైన వైరింగ్ అన్న చెప్పినట్టు ఎర్త్ ఉందో లేదో తెలియని ఇంట్లో అది చేయొద్దు, ప్లగ్ పీకేసే పని చేయండి.

జడ్చర్ల_గేమర్

సరే మేడం, వేసవి సంగతి నేను ఆలోచించలేదు. మంచం మాట వెనక్కి తీసుకుంటున్నా.

నా వంతుగా రెండు చెబుతా. క్యాబినెట్ గాజుని టైల్స్ మీదగానీ గ్రానైట్ మీదగానీ నిలబెట్టకండి. టెంపర్డ్ గ్లాస్ మధ్యలో గట్టిదే, అంచు మాత్రం కాదు. మూల టైల్‌కి టక్కున తగిలితే చాలు, మొత్తం గవ్వల్లా రాలిపోతుంది. తీయగానే దుప్పటి మడతల మీద పడుకోబెట్టండి.

రెండోది, హైదరాబాద్‌లోనే అసెంబుల్ చేయించి బస్సులో తెచ్చుకునేవాళ్లకు. గ్రాఫిక్స్ కార్డు తీసి దాని బాక్స్‌లో విడిగా తెచ్చుకోండి. పీసీ నిలబెట్టి ఉంటే కార్డు బరువంతా స్లాట్ మీదే వేలాడుతుంది. స్పీడ్‌బ్రేకర్లకు ఎగిరెగిరి స్లాట్ పగులుతుంది, లేదంటే కార్డు వెనక పీసీబీకి పగులొస్తుంది. తీసేటప్పుడు స్లాట్ చివరనున్న చిన్న క్లిప్పు నొక్కాకే లాగాలి. కార్డు కిందికి వేలు పోదు, ప్లాస్టిక్ స్కేల్‌తో నొక్కండి. స్క్రూడ్రైవర్ మొన పెడితే జారి బోర్డు మీద గీత పడుతుంది. ఆ గీత కింద సన్నటి రాగి దారులుంటాయి.

నల్లగొండ_సర్వీస్‌బెంచ్

బోర్డు బిగించే దగ్గర ఒక మాట. క్యాబినెట్‌లో ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని రేకుకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న కాళ్లు) ముందే బిగించి వస్తాయి, ఎక్కువగా పెద్ద ఏటీఎక్స్ బోర్డు లెక్కకు. నీది మైక్రో ఏటీఎక్స్. నీ బోర్డులో రంధ్రం లేని చోట స్టాండాఫ్ ఉంటే అది బోర్డు వెనక సోల్డర్‌కి తగిలి షార్ట్ చేస్తుంది. బోర్డుని పైన పట్టుకుని రంధ్రాలు లెక్కపెట్టు, మిగిలినవి విప్పెయ్.

బోర్డు వచ్చిన వెండిరంగు కవరు మీద పెట్టి పవర్ ఇవ్వకు. స్టాటిక్‌ను పట్టి ఉంచకుండా ఆ కవరు పైపొర కొంత కరెంటు పోనిస్తుంది. కింద అట్టపెట్టె పెట్టుకో.

ఎన్‌వీఎంఈని ఏటవాలుగా దూర్చి, తర్వాత కిందికి వంచి స్క్రూ వెయ్. కింద చిన్న స్టాండాఫ్ లేకుండా స్క్రూ బిగిస్తే కార్డు విల్లులా వంగుతుంది. పైన హీట్‌సింక్ ప్యాడ్‌కి ప్లాస్టిక్ పొర ఉంటుంది, పీకు. కూలర్ కింద అంటించి వచ్చిన థర్మల్ పేస్ట్‌ని వేలితో తాకకు. కూలర్ నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించు. క్యాబినెట్ ముందు వైపు యూఎస్‌బీ 3 పోర్టుల వైరు కొన బిగుతుగా ఉంటుంది, 19 పిన్నులు. వంకరగా తోస్తే పిన్నులు పడుకుంటాయి. విప్పేటప్పుడు ఒక చేత్తో బోర్డుకున్న ప్లాస్టిక్ పట్టుకో, లేకపోతే అది వైరుతో పాటే ఊడొస్తుంది.

సూర్యాపేట_ఆర్‌జీబీ

లైట్ల ఫ్యాన్లు పెట్టుకునేవాళ్లకు: బోర్డు మీద రెండు రకాల లైటు హెడర్లుంటాయి. మూడు పిన్నులది 5 వోల్టులు, నాలుగు పిన్నులది 12 వోల్టులు. మూడు పిన్నుల లైటుని ఎలాగోలా 12 దాంట్లో దూరిస్తే ఎల్‌ఈడీలన్నీ ఒక్కసారిగా పోతాయి. పక్కనే 5వీ, 12వీ అని రాసి ఉంటుంది.

దేవరకొండ_కుర్రాడు

ఎలక్ట్రీషియన్ వచ్చి బల్బు పెట్టి చూశాడు. అసలు వెలగలేదు, ఆ గదిలోకి ఎర్త్ వైరే రాలేదట. మీటర్ దగ్గరి నుంచి కొత్త వైరు లాగాడు, గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోశాం. ఇప్పుడు బల్బు నిండుగా వెలుగుతోంది.

ఇవాళ అసెంబ్లింగ్ అయిపోయింది. ఒక స్టాండాఫ్ నిజంగానే ఎక్కువ ఉంది, తీసేశా. ఇప్పుడు పవర్ ఇస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. బోర్డు మీద డీర్యామ్ అన్నచోట పసుపు లైటు వెలుగుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఆపేయనా?

నల్లగొండ_సర్వీస్‌బెంచ్

ఆపొద్దు, ముట్టుకోవద్దు. డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ అయినప్పుడు ర్యామ్‌తో ట్రైనింగ్ చేసుకుంటుంది, అంటే దానికి సరిపోయే సెట్టింగులు వెతుక్కుంటుంది. కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉంటుంది, మధ్యలో తనే రీస్టార్ట్ కావచ్చు. పదీ పదిహేను నిమిషాలు వదిలెయ్. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి ర్యామ్‌లు సీపీయూ నుంచి రెండు, నాలుగు స్లాట్లలో ఉన్నాయా చూసి, క్లిక్‌మనేదాకా నొక్కు. మానిటర్ వైరు ఎక్కడ పెట్టావు?

దేవరకొండ_కుర్రాడు

గ్రాఫిక్స్ కార్డుకే పెట్టా అన్నా.

వచ్చింది! బయోస్ (బోర్డులోని సెట్టింగుల ప్రోగ్రామ్) స్క్రీన్ వచ్చింది! సీపీయూ 41 డిగ్రీలు, ర్యామ్ 32 జీబీ మొత్తం చూపిస్తోంది. అందరికీ చాలా చాలా థాంక్స్. ర్యామ్ స్పీడ్ 4800 అని ఉంది, నేను కొన్నది 6000. ర్యామ్‌ని పూర్తి స్పీడుకు పెట్టే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేయనా?

వనపర్తి_ల్యాబ్

చాలా సంతోషం బాబూ. ముందు బయోస్ తేదీ చూడు. 2023 ఏప్రిల్‌లో కొన్ని 7800ఎక్స్3డీ సీపీయూలు సాకెట్‌లోనే కాలిన సంగతి బయటికొచ్చింది. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు బోర్డులు సీపీయూలోని ఎస్‌ఓసీ అనే భాగం వోల్టేజీని ఎక్కువగా పెంచేస్తున్నాయని తేలి, దాన్ని 1.3 వోల్టులు దాటనివ్వని కొత్త బయోస్‌లు ఇచ్చారు. నీది 7600 అయినా ఆ పరిమితి ఉన్న బయోస్ ఉండటమే క్షేమం. తేదీ అంతకన్నా పాతదైతే అప్‌డేట్ చేశాకే ఎక్స్‌పో ఆన్ చెయ్.

పాలమూరు_వైరింగ్

అప్‌డేట్ నడిచేటప్పుడు కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు తమ్ముడూ. యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టి చేయి. లేకపోతే గాలివాన సూచన లేని రోజు తెల్లవారుజామున చేసుకో, మీ ఫీడర్‌లో కరెంటు ఎప్పుడెప్పుడు పోతుందో నీకే బాగా తెలుసు.

దేవరకొండ_కుర్రాడు

బయోస్ తేదీ 2024 అని ఉంది మేడం, కాబట్టి అప్‌డేట్ అక్కర్లేదు. ఎక్స్‌పో ఆన్ చేశా, 6000 చూపిస్తోంది. మళ్లీ కాసేపు నల్ల స్క్రీన్ వచ్చింది, ఈసారి ముట్టుకోకుండా కూర్చున్నా. ఎస్‌ఓసీ దగ్గర 1.25 వోల్టులు కనిపిస్తోంది. ఇప్పుడు విండోస్ ఎక్కిస్తున్నా.